అడుగు రేకు విప్పాకే అసలు పని: కిట్ కారు మరమ్మతుపై శ్రీకాకుళంలో ఒక సంభాషణ

మేనకోడలు: శ్రోతలందరికీ నమస్కారం. ఇంగ్లండులో చాలాకాలంగా వెల్డింగు, ఫ్యాబ్రికేషన్ పనిలో ఉండి, ప్రస్తుతం సెలవుపై శ్రీకాకుళం వచ్చిన మా మావయ్య గారితో ఈ రోజు మాట్లాడుతున్నాను. అక్కడ తమ దగ్గరున్న లోటస్ సెవెన్ తరహా కిట్ కారుకు అడుగు రేకునూ (ఫ్లోరు) అరిగిన భాగాలనూ ఆయన స్వయంగా మార్చుకున్నారు. మావయ్యా, ముందుగా కిట్ కారంటే ఏమిటో చెప్పండి.

మావయ్య: కారును విడిభాగాలుగా కొని, ఇంటి దగ్గర మనమే బిగించుకుంటే దాన్ని కిట్ కారంటారమ్మా. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చింది. ఆ రోజుల్లో బ్రిటన్‌లో తయారై వచ్చిన కారు మీద కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే ఆ భారం తప్పేది. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి.

మేనకోడలు: మన పాలకొండ, సీతంపేట వైపు తిరిగే పాత జీపుల ఫ్లోరు పుచ్చిపోతే టింకరింగ్ షెడ్డులో ఆ ముక్క కోసేసి, కొత్త రేకు అతికించి పంపించేస్తారు. మీ కారుకు అంత శ్రమ ఎందుకు పడవలసి వచ్చింది?

మావయ్య: జీపుకు కింద దిట్టమైన ఛాసిస్ వేరుగా ఉంటుంది, బరువంతా అదే మోస్తుంది కాబట్టి ఫ్లోరు బలహీనపడినా బండి నిలబడుతుంది. సెవెన్ తరహా కారులో సన్నని ఉక్కు గొట్టాలను వెల్డింగు చేసి చట్రం కడతారు, దాని అడుగున ఒక మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న అల్యూమినియం రేకును రివెట్లతో, అంటే తల ఉన్న చిన్న లోహపు మేకులతో బిగిస్తారు. నాలుగు కర్రలకు మూలల్లో మేకులు కొట్టి చట్రం చేస్తే అది పక్కకు వాలిపోతుంది, దాని మీద ఒక పలక కొడితే ఇక కదలదు. ఇక్కడ ఆ పలక పనిని అడుగు రేకు చేస్తుంది. రివెట్లు వదులైతే మలుపుల్లో చట్రం మెలిపడుతుంది. అందువల్ల దీన్ని కాళ్లు పెట్టుకునే రేకుగా చూడవద్దని నేను అందరికీ గట్టిగా చెబుతాను.

మేనకోడలు: అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు కదా, మరి అది ఎందుకు పాడవుతుంది?

మావయ్య: ఒంటరిగా ఉంటే చాలాకాలం బాగానే ఉంటుంది. ఉక్కును ఆనుకుని ఉండి, మధ్యలో ఉప్పునీరు చేరితే, ఆ రెండు లోహాల మధ్య బ్యాటరీలో జరిగే చర్యే జరుగుతుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మన కళింగపట్నంలో అయితే సముద్రపు గాలే ఆ పని చేస్తుంది. రివెట్టు చుట్టూ రేకు కొద్దిగా ఉబ్బి, అంచు నుంచి తెల్లటి పొడి రాలుతూ ఉంటే లోపల నష్టం చాలా దూరం వెళ్లిందని అర్థం.

మేనకోడలు: విప్పే పద్ధతిని కాస్త వివరంగా చెప్పండి.

మావయ్య: బ్యాటరీ కనెక్షన్ తీసేసి, కారును జాకీ మీద వదలకుండా నాలుగు స్టాండ్ల మీద సమంగా నిలపాలి. రివెట్టు ఎంత లావుందో అంతే లావున్న డ్రిల్ బిట్టును దాని తల నడుమ నిటారుగా పెట్టి, నెమ్మదిగా తిప్పాలి. తల తెగిన వెంటనే అది ఉంగరంలా బిట్టుకు చుట్టుకుని పైకి వస్తుంది, అక్కడితో ఆపేయాలి. ఇంకా లోతుకు పోతే గొట్టంలోని రంధ్రం పెద్దదై, కొత్త రివెట్టు పట్టు దొరకదు. మిగిలిన మొండేన్ని సన్నని పంచ్‌తో తడితే గొట్టం లోపలికి పడుతుంది. ఆ ముక్కలను లోపలే వదిలేస్తే గలగలమంటాయి, తేమను పట్టి ఉంచుతాయి కూడా, కాబట్టి వీలైనంతవరకు బయటికి తీయాలి.

రేకు ఊడి వచ్చాక చాలామంది కొత్త రేకు కోయడానికి తొందరపడతారు. నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. ప్రతి గొట్టాన్నీ చిన్న సుత్తితో తట్టి వినాలి. గట్టి గొట్టం ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మొనదేలిన సూదితో పొడిచి చూడాలి, దిగిందంటే ఆ భాగాన్ని కోసి, అదే కొలత గొట్టాన్ని వెల్డింగు చేయాలి. ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ మరువకూడదు: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగు చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది.

మేనకోడలు: కొత్త రేకు బిగించేటప్పుడు ఆ రెండు లోహాలూ తాకకుండా ఏం చేస్తారు?

మావయ్య: గొట్టాలకు ప్రైమరు, పెయింటు పూర్తిగా ఆరనిచ్చి, రేకు ఆనే చోటంతా పాలీయూరిథేన్ సీలెంటు రాస్తాం. అది నీటిని ఆపుతుంది, లోహాలను విడిగా ఉంచుతుంది, అతుకుకు బలమూ ఇస్తుంది. ఆ సీలెంటు తడిగా ఉన్నప్పుడే రివెట్లు కొట్టాలి.

మేనకోడలు: అరిగిన భాగాల్లో మీరు ముందుగా చూసేది ఏది?

మావయ్య: పాత సెవెన్‌లలో ముందు చక్రాల దగ్గర ట్రయంఫ్ కార్ల నుంచి తీసుకున్న భాగాలు ఉంటాయి. చక్రాన్ని పట్టి ఉంచే నిలువు కడ్డీ కింది కొనకు మర (స్క్రూ చుట్లు) ఉంటుంది, ఆ మర ట్రనియన్ అనే ఇత్తడి రంగు దిమ్మెలో తిరుగుతుంది. దానికి గ్రీజు కాకుండా చిక్కని గేరు ఆయిలు పట్టించాలి, ఎందుకంటే గ్రీజు గట్టిపడితే మర చివరిదాకా చేరదు. అక్కడ నీరు చేరి తుప్పు పడితే కడ్డీ విరిగి, చక్రం పక్కకు పడిపోతుంది. ఎడమ, కుడి మరలు ఒకదానికొకటి వ్యతిరేక దిశలో తిరుగుతాయి కాబట్టి ఏది ఏ పక్కదో విప్పగానే గుర్తు పెట్టుకోవాలి.

సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల విషయంలో, చక్రాలు గాలిలో ఉండగా బోల్టులు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు కిందికి దిగినప్పుడు రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. కారు తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు ఇవ్వాలి.

మేనకోడలు: ఇలాంటి కారును ఇక్కడ కట్టుకుని రోడ్డు మీద తిప్పవచ్చా?

మావయ్య: మన దగ్గర అది కష్టమమ్మా. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకుండా కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే స్పష్టం చేసింది. అయితే తుప్పు, రివెట్లు, బుష్‌ల గురించి నేను చెప్పినదంతా ఇక్కడి పాత బండ్ల మరమ్మతుకు కూడా వర్తిస్తుంది.

మేనకోడలు: పని ముగిశాక వెంటనే నడపవచ్చా?

మావయ్య: సీలెంటు పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. తర్వాత దగ్గర దూరం నెమ్మదిగా తిప్పి, మళ్లీ స్టాండ్ల మీదికి ఎక్కించి, సస్పెన్షన్ బోల్టులన్నిటినీ బిగింపును కొలిచే టార్క్ రెంచితో సరిచూసి, రివెట్ల వరుస మీద వేలితో తడుముతూ ఎక్కడైనా కదలిక ఉందేమో చూసుకోవాలి. ఆ పరీక్షలో నిలిచాకే పెద్ద ప్రయాణానికి తీయాలి.