చర్చి మెట్లెక్కితే కులం పోతుందా? స్టూడియో చర్చ పాఠం

(నలుగురు పాల్గొన్న చర్చ ఇది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాను.)

యాంకర్: నమస్కారం. క్రైస్తవంలోకి మారిన ఒక పాస్టర్ పెట్టిన కేసులో ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. పల్లెల్లో ఆ టెన్షన్ ఇంకా తగ్గలేదు. ఈ రోజు అందరికీ సమానంగా టైమ్ ఇస్తాం. లాయర్ గారూ, మీతో మొదలుపెడదాం.

న్యాయవాది: హైకోర్టు కొత్తగా చెప్పిందేమీ లేదండీ. ఎస్సీలెవరో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా చూడండి. మొదట హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. కోర్టు ఉన్న చట్టాన్నే...

దళిత సంఘం నాయకుడు: సిక్కులను ఎందుకు చేర్చారో ముందు అది చెప్పండి!

న్యాయవాది: వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

నాయకుడు: మీరు రారు, నేను చెబుతా. మతం మారినా కులం వెంటే వచ్చిందని ఒప్పుకున్నారు కాబట్టి చేర్చారు. మరి మా మాలపల్లెలో, మాదిగపల్లెలో శిలువ నిలబెట్టగానే కులం లేచిపోయిందా? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినవాళ్లు, నువ్వు గుడికెళ్తావా చర్చికెళ్తావా అని అడిగి చంపారా?

యాంకర్: సరే, నా ప్రశ్న వేరు. పాస్టర్ గారూ, ఎన్నికలప్పుడు ఎవరికి ఓటేయాలో చర్చిలో చెబుతారా, చెప్పరా?

పాస్టర్: ప్రార్థన చేసుకుని మనస్సాక్షి ప్రకారం వేయమంటాం.

యాంకర్: పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు కదా. అది తీసుకున్నాక కూడా మనస్సాక్షేనా?

పాస్టర్: ఇమాములకూ ఇచ్చారండీ. అర్చకులకూ ప్రభుత్వం ఇస్తోంది. వాళ్లనెవరూ ఈ మాట అడగరు.

చరిత్ర అధ్యాపకురాలు: ఓటు దగ్గరే ఆగిపోతే అసలు సంగతి పోతుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకుని, వేల మందికి కూలి పని ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అయితే మాదిగపల్లెల్లో ముందు నుంచీ తిరిగి వాక్యం చెప్పింది యర్రగుంట్ల పేరయ్య. ఆయన కూడా మాదిగే. అందుకే నేననేది...

న్యాయవాది: అంటే తిండి కోసం మారారని మీరే చెబుతున్నారు.

అధ్యాపకురాలు: కాదండీ! కరువు పని ఇస్తున్నన్నాళ్లూ బాప్తిస్మం ఆపారంటున్నాను. మీరు తిరగేసి...

నాయకుడు: తిండి కోసమే అనుకుందాం మేడమ్! ఆకలితో ఉన్నవాడికి ఊళ్లో గాదెలున్నవాళ్లు ఎందుకు పెట్టలేదు? మా తాత మొదటిసారి పలక పట్టింది మిషన్ బోర్డింగులో. ఊరి బడిలో కాదు.

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

న్యాయవాది: ఒక్క మాట. పాస్టర్ గారూ, మీ మతంలో కులం ఉందా? లేదంటే ఎస్సీ హోదా అడగకూడదు. ఉందంటే ఆ మాట వేదిక మీద చెప్పండి.

పాస్టర్: క్రీస్తులో లేదు. మా సంఘాల్లో ఉంది. రెడ్డి క్రైస్తవులు మాకు పిల్లనివ్వరు. మాల చర్చి, మాదిగ చర్చి వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. సమాధుల తోటలో కూడా ఎవరి వరుస వాళ్లదే. ఇది మా పాపం, నేను దాచను.

యాంకర్: అంటే చర్చి ఓటు ఒకే గంపగుత్త ఓటు కాదంటారా?

నాయకుడు: మళ్లీ ఓటేనా సార్!

న్యాయవాది: క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీ-సిలో 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. రిజర్వేషన్ కోసమే మతం మారానంటే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు...

నాయకుడు: 1 శాతమా! బీసీ-సి సర్టిఫికెట్ పట్టుకుని అట్రాసిటీ కేసు పెట్టమనండి చూద్దాం. మతానికీ ఎస్సీ హోదాకూ ముడి తీసేయమని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని 2009లో, 2023లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇదే సంగతి తేల్చమని 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇంకెన్ని కమిషన్లు? మా ఇళ్లలో మనిషికి రెండు పేర్లు. రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చిలో ఏసుపాదం. చచ్చాక ఏ పేరుతో ఏడవాలి?

న్యాయవాది: ఆ రెండు పేర్లే కదా సమస్య! కాగితం మీద ఒకటి, నమ్మేది ఇంకొకటి...

నాయకుడు: ఆ రెండో పేరు పెట్టుకునేలా చేసింది మీ మూడో పేరా! మనిషిని అబద్ధం ఆడించే చట్టాన్ని మార్చాలి కానీ...

అధ్యాపకురాలు: రాజ్యాంగ సభలో క్రైస్తవ ప్రతినిధులు ప్రత్యేక సీట్లు వద్దన్న సంగతి కూడా...

నాయకుడు: వద్దన్నవాళ్లు మా పల్లె నుంచి వెళ్లారా మేడమ్?

యాంకర్: టైమ్ అయిపోయింది. అన్నా, ముప్పై సెకన్లలో ముగించండి.

న్యాయవాది: నేను మొదలుపెట్టింది పూర్తి చేయనివ్వలేదు, ముగింపు కూడా ఆయనకేనా?

నాయకుడు: మూడో పేరా పోవాలి. అంతవరకూ రోడ్డు మీదే ఉంటాం. గుంటూరులో, ఒంగోలులో, మెదక్‌లో...

పాస్టర్: నాదొక్క మాట. మా సంఘంలో కుర్రాడొకడు కాలేజీ ఫారం తెచ్చి, మతం అన్న గడిలో ఏం రాయమంటారు అయ్యగారూ అని అడిగాడు. లాయర్ గారూ, నేనేం చెప్పాలి?

న్యాయవాది: నిజం రాయమనండి.

నాయకుడు: నిజం రాస్తే సీటు మీరిస్తారా?

యాంకర్: చిన్న బ్రేక్.