మళ్లీ ముంచమంటున్నది వాక్యమా, గుంపా?

హనుమకొండ, కాజీపేట, జనగామ... ఎక్కడున్నా ఒక్క నిమిషం ఆగి వినండి. "మళ్లీ మునిగితేనే పెళ్లి" గొడవ మీకు తెలిసిందే. అమ్మాయికి పసితనంలో నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు, అబ్బాయి వాళ్ల సంఘం అది చెల్లదు, నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలంటుంది. శుభలేఖలు పంచేశాక పాస్టరుగారు అడ్డం తిరుగుతారు!

రెండు వైపులా బైబిలు వచనాలు తీస్తారు. తీయనీయండి. నేనంటాను, ఇది వాక్యం గొడవ కానే కాదు, గుంపు గొడవ!

హెన్రీ టాజ్‌ఫెల్ అనే సైకాలజిస్టు ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడి పిల్లల మీద ప్రయోగం చేసి, 1970లో ఫలితాలు ప్రచురించాడు. నీకు ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి కాబట్టి నువ్వు ఈ గుంపు అన్నాడు. అదీ ఉత్తదే, తోచినట్టు విడగొట్టాడు. తన గుంపులో ఇంకెవరున్నారో కూడా పిల్లలకు తెలియదు. డబ్బులు పంచమంటే ఏం చేశారు? మా వాళ్లకు కాస్త తగ్గినా సరే, అవతలి వాళ్లకు ఇంకా తక్కువ రావాలన్నట్టు చాలామంది పంచారు! ఉత్తుత్తి బొమ్మలకే ఇంత పంతమైతే, తాతల నాటి సంఘం, సమాధుల స్థలం, కమిటీ ఎలక్షన్ ఉన్నచోట ఎంతుండాలి?

ఓసారి డోర్నకల్ వెళ్లి ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు గుడిని తలపిస్తాయి. అబ్బా, ఏం కట్టడం! కట్టించిన అజరయ్యగారు 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్లలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొదటి భారతీయ బిషప్. 1919లో తమిళనాట తరంగంబాడిలో, వేర్వేరు శాఖల సంఘాలు ఒక్కటిగా కలవాలని పట్టుబట్టిందీ ఆయనే. కలవడానికి 28 ఏళ్లు పట్టింది! 1947లో ఆ కలయికతో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పుట్టేసరికి ఆయన లేరు. పెద్దయ్యాక మునిగితేనే బాప్తిస్మం అనే మన బాప్టిస్టులు అప్పుడూ చేరలేదు. సి.ఎస్.ఐ.లో పసిపిల్లల బాప్తిస్మం, పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మం, రెండూ నడుస్తున్నాయి. ఆకాశమేమీ ఊడిపడలేదే!

"వీడు భక్తి మీద పడ్డాడు" అని తిట్టుకునేవాళ్లకు ఒక మాట. 1967లో ఆల్‌పోర్ట్, రాస్ అనే సైకాలజిస్టులు అమెరికా చర్చీలకు వెళ్లేవాళ్లను పరిశీలించారు. మతాన్ని పరపతికీ అండకూ వాడుకునేవాళ్లకు, దాన్ని మనసారా బతికేవాళ్లకన్నా పరాయివాళ్ల మీద చిన్నచూపు ఎక్కువని తేల్చారు. అర్థమైందా నేనెవరి మీద పడ్డానో?

పాస్టరుగారూ, మళ్లీ ముంచాక ఆ అమ్మాయి పేరు ఎవరి రిజిస్టరులోకి ఎక్కుతుంది? దశమభాగం, అదే రాబడిలో పదో వంతు కానుక, ఏ సంఘానికొస్తుంది? ముందు అది చెప్పండి, వచనాలు తర్వాత తీద్దాం. కామెంట్లలోనే కాచుకుని ఉంటాను.