ముందు ఓములు, తర్వాతే వాట్లు
(కారు ఆడియో బిగింపు పని నేర్చుకుంటున్న యువకుల శిక్షణ తరగతుల ముగింపు రోజున చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ వరుసగా చెప్పడం మర్యాదే గానీ, నాకిచ్చిన అరగంటలో పది నిమిషాలు దానికే సరిపోతాయి కనుక అందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి విషయంలోకి వస్తున్నాను. పాఠం చెప్పేటంత చదువు నాకు లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లకు పైగా కార్లలో ఆడియో బిగిస్తున్నాను. బాగా పాడిన బండ్లు నాకు గుర్తు లేవు గానీ, నా చేతుల్లో కాలిపోయిన ఆంప్లిఫయర్లు మాత్రం ఒక్కొక్కటీ గుర్తున్నాయి. నా ముందు బల్ల మీద ఉన్న ఈ పాత స్పీకరు పెట్టెను ఎందుకు మోసుకొచ్చానో చివర్లో చెబుతాను.

కస్టమరు కొట్లోకి రాగానే అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని వాట్లు?" అని. ఆ ప్రశ్న అతనికి నేర్పింది అట్టపెట్టెలే. మా వయసువాళ్లకు 1990లలోని టేప్‌రికార్డర్లు గుర్తుండే ఉంటాయి: ఒడిలో పెట్టుకునేంత సెట్టు, దాని మీద బంగారు రంగు స్టిక్కరు, అందులో వెయ్యి వాట్ల పి.ఎం.పి.ఓ., అంటే క్షణకాలం పాటు వస్తుందని చెప్పుకునే గరిష్ఠ పవరు. ఆ సెట్టు గోడ ప్లగ్గు నుంచి తీసుకునేది ఇరవై వాట్లో, ముప్పై వాట్లో. అది వెయ్యి వాట్లు ఎలా ఇస్తుందని మేమెవ్వరం అడగలేదు. అమెరికాలో 1974లోనే ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో ప్రభుత్వం నియమం పెట్టింది గానీ, అది కారు ఆంప్లిఫయర్లకు వర్తించలేదు. 2003లో అక్కడి తయారీదారుల సంఘమే సి.ఇ.ఎ.-2006 అనే కొలతను తెచ్చింది: 14.4 వోల్టుల దగ్గర, 4 ఓముల లోడు మీద, అంటే అంత నిరోధమున్న స్పీకరు మీద, వక్రీకరణ 1 శాతం మించకుండా వచ్చే ఆర్.ఎం.ఎస్. పవరును, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవరును మాత్రమే లెక్కలోకి తీసుకోవాలని. అది కూడా ఇష్టమైనవారు పాటించేదే. కాబట్టి "మ్యాక్స్", "పీక్" అన్న మాటల పక్కన ఎంత పెద్ద అంకె ఉన్నా దాన్ని చదవకండి, ఆర్.ఎం.ఎస్. ఎంత, అది ఎన్ని ఓముల దగ్గర అన్నది మాత్రమే చదవండి. ఓములు చెప్పని వాటు, తూకం రాయి చూపించకుండా చెప్పిన బరువు లాంటిది.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. నిర్వాహకులు వైరింగ్ పటాలన్నీ వివరించమన్నారు గానీ, ఈ ఒక్క సంగతి చెబితే పటాలు మీరే గీసుకోగలరని నా నమ్మకం.

2005లో పెళ్లిళ్లకు బండి తిప్పే ఒక డ్రైవరు తన క్వాలిస్‌లో బేస్ అదిరిపోవాలని గవర్నరుపేటలో రెండు 12 అంగుళాల సబ్‌వూఫర్లూ, అంటే బేస్ స్పీకర్లూ, ఒకే చానల్ ఉన్న మోనో ఆంప్లిఫయరూ కొనుక్కొచ్చాడు. ఆంప్లిఫయరు 2 ఓముల దగ్గర 600 వాట్ల ఆర్.ఎం.ఎస్. ఇస్తుంది, అంతకన్నా తక్కువ ఓములు తగిలించవద్దని దాని మీదే రాసి ఉంది. సబ్‌వూఫర్ల మీద 4 ఓములని రాసి ఉంది. రెండు నాలుగులను ప్యారలల్‌లో, అంటే పక్కపక్కన, కలిపితే రెండు అవుతుంది, ఆంప్లిఫయరు అడిగిందీ రెండే, ఇంకేం కావాలనుకున్నాను. ఒక్కో సబ్‌వూఫర్‌కు రెండేసి కాదు, నాలుగేసి టెర్మినళ్లు ఎందుకున్నాయో ఆలోచించలేదు. ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు చిన్న వైరు ముక్కతో కలిపేసి, పెట్టె మూసి, స్క్రూలు బిగించాను.

ఎంత బాగా మోగిందో మాటల్లో చెప్పలేను. పక్క షెడ్డు కుర్రాళ్లు పని వదిలేసి వచ్చి నిలబడ్డారు. సాయంత్రానికి బండి తిరిగొచ్చింది, ఆంప్లిఫయరు మీద ఎర్ర లైటు వెలుగుతోంది, మూత తీస్తే కాలిన వార్నిష్ వాసన. పీసు మంచిది కాదని తేల్చేసి, కొట్టువాడితో పోట్లాడి, సగం డబ్బు నేను వేసుకుని అదే మోడల్ ఇంకొకటి తెచ్చి పెట్టాను. అది పెళ్లివారితో గుంటూరు బయల్దేరి మంగళగిరి దాటలేదు.

మా మేనమామ రేడియో మెకానిక్కు. మర్నాడు ఆయన్ను షెడ్డుకు తీసుకొచ్చాను. ఆయన ఆంప్లిఫయరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పెట్టె నుంచి వచ్చే రెండు వైర్లూ ఊడదీయించి, మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి చూసి, ఆ తర్వాత వైర్లకు పెట్టారు. ప్రోబు వైర్ల సొంత నిరోధం తీసేస్తే 0.9 మిగిలింది. "అల్లుడూ, నాలుగు నాలుగుల్ని పక్కపక్కన కడితే ఎంతరా?" అన్నారు. అంతే అన్నారు, వెళ్లిపోయారు.

ఆ సబ్‌వూఫర్లు డబుల్ కాయిల్‌వి. ఒక్కొక్కదానిలో నాలుగేసి ఓముల వాయిస్ కాయిళ్లు, అంటే స్పీకరును కదిలించే తీగ చుట్టలు, రెండు ఉంటాయి. నేను నాలుగు కాయిళ్లనూ ప్యారలల్‌లో కట్టి 1 ఓమ్ చేశాను. 600 వాట్లను 2 ఓములకు ఇవ్వడానికి ఆ ఆంప్లిఫయరు దాదాపు 34.6 వోల్టులు పెట్టి 17.3 ఆంపియర్లు పంపుతుంది. అదే వోల్టేజీకి 1 ఓమ్ అడిగే కరెంటు రెట్టింపు, 34.6 ఆంపియర్లు. అందుకే అంత బాగా మోగింది, అందుకే కాలింది. పక్క షెడ్డు కుర్రాళ్లు చెవులు రిక్కించి విన్నది, ఆంప్లిఫయరు తన శక్తికి మించి మోస్తున్న బరువు చప్పుడు.

ఇక అసలు బాధ ఇక్కడుంది, దయచేసి ఇది రాసుకోండి. 4 ఓముల డబుల్ కాయిల్ సబ్‌వూఫర్లు రెండు ఉంటే, అన్నిటికీ సమంగా పవరు అందేలా కలపడానికి మూడే ఫలితాలున్నాయి: అన్నీ ప్యారలల్ అయితే 1 ఓమ్, ఒక్కోదానిలో కాయిళ్లు రెండూ సిరీస్, అంటే ఒకదాని వెనక ఒకటి, చేసి, ఆ జతలను ప్యారలల్ చేస్తే 4, అన్నీ సిరీస్ అయితే 16. ఎంత తల బద్దలు కొట్టుకున్నా 2 రాదు. ఆ ఆంప్లిఫయర్‌కు కావలసింది 2 ఓముల డబుల్ కాయిళ్లున్న జత; ఒక్కోదానిలో కాయిళ్లను సిరీస్ చేసి, ఆ రెండు సబ్‌వూఫర్లనూ ప్యారలల్ చేస్తే సరిగ్గా 2 వస్తుంది. అంటే తప్పు నా షెడ్డులో జరగడానికి ముందే గవర్నరుపేటలో కౌంటరు మీద జరిగిపోయింది. మూడో ఆంప్లిఫయరు నా డబ్బుతో పెట్టి, 4 ఓములకు కట్టి ఇచ్చాను. పవరు ఇంచుమించు సగానికి పడిపోయింది. ఆ డ్రైవరుకు నచ్చలేదు. నచ్చదు కూడా, మొదటి రోజు 1 ఓమ్ మీద విన్నాడు కదా. ఆ డబ్బు కూడదీసుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మీలో చాలామంది ఫోర్ చానల్ ఆంప్లిఫయర్‌ను బ్రిడ్జ్ చేసి, అంటే రెండు చానళ్లను ఒకటిగా కలిపి, సబ్‌వూఫర్‌కు ఇస్తారు. అక్కడ 4 ఓములు తగిలిస్తే ఒక్కో చానల్‌కు అది 2 ఓములుగానే కనిపిస్తుంది. బ్రిడ్జ్‌లో 4 ఓములకు తగ్గకూడదని రాసి ఉన్నచోట 2 పెట్టడమంటే, ఒక్కో చానల్ మీద 1 ఓమ్ పెట్టినట్టే.

వాట్ల విషయానికి వస్తే, పెద్ద ఆంప్లిఫయరు సబ్‌వూఫర్‌ను కాల్చేస్తుందన్న భయం మన వీధిలో ఎక్కువ. నా దగ్గరకు కాలి వచ్చిన కాయిళ్లలో ఎక్కువ భాగం చిన్న ఆంప్లిఫయరు పెట్టి గెయిన్, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే మీట, పూర్తిగా తిప్పినవే. ఆంప్లిఫయరు ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక అల నెత్తి నరికినట్టు చదునైపోతుంది. పూర్తిగా చదరమైన అలలో, అంతే ఎత్తున్న నున్నటి అలకన్నా రెట్టింపు పవరుంటుంది. సబ్‌వూఫర్ ఆ పవరులో నూటికి ఒకటి రెండు పాళ్లు మించి శబ్దంగా మార్చలేదు, మిగిలినదంతా కాయిల్‌లో వేడే. కాబట్టి గెయిన్‌ను చెవితో పెట్టకండి. బేస్ బూస్ట్ సున్నా చేసి, సబ్‌వూఫర్ వైర్లు ఊడదీసి, 40 హెర్ట్జ్‌ల టోన్ వేసి, వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీయండి. 600 వాట్లు, 2 ఓములైతే 34.6, 300 వాట్లు, 4 ఓములైనా 34.6. మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి, ఆ అంకె వచ్చేదాకా గెయిన్ తిప్పి ఆపండి. అంతకు మించి తిప్పమని కస్టమరు బతిమాలినా తిప్పకండి.

వైరు గురించి ఒక్క మాట. 600 వాట్లు బయటికి రావాలంటే, నూటికి ఎనభై పాళ్లు పని చేసే క్లాస్ డి ఆంప్లిఫయరైనా బ్యాటరీ నుంచి 50 ఆంపియర్లకు పైగా గుంజుతుంది. 5 మీటర్ల 8 గేజ్ రాగి తీగలో అర వోల్టుకు పైగా పోతుంది, అంతకన్నా లావైన 4 గేజ్‌లో పోయేది దాదాపు 0.2 వోల్టే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే నష్టం దాదాపు ఒకటిన్నర రెట్లు. బ్లేడుతో గీకి లోపల తెల్లగా ఉందో లేదో చూసుకుని కొనండి; ఫ్యూజు బ్యాటరీకి జానెడు రెండు జానెల దూరంలోనే ఉండాలి.

మీటరు చూపించేది డీసీ నిరోధమేనని, అసలు ఇంపీడెన్స్, అంటే ఏసీకి తగిలే మొత్తం అడ్డు, మోగేటప్పుడు ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుందని ఇందాక వెనక నుంచి ఎవరో అన్నారు. నిజమే. 4 ఓముల కాయిల్ మీటరులో 3.2 నుంచి 3.7 మధ్య చూపిస్తుంది, స్పీకరు తనంతట తాను ఊగే రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇంపీడెన్స్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కానీ రెండు కాయిళ్లా నాలుగా, సిరీసా ప్యారలలా అన్నది తేల్చడానికి ఆ డీసీ అంకె చాలు.

ఇప్పుడీ పెట్టె సంగతి. ఆంప్లిఫయరు మాటిమాటికీ ప్రొటెక్షన్‌లోకి పోతోందని, అంటే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోందని, నిన్న సాయంత్రం ఒకాయన ఇచ్చి వెళ్లాడు. బయటికి రెండే టెర్మినళ్లున్నాయి, లోపల ఎలా కలిపారో తెలియదు. 2005 నుంచి నేను ప్రతి పెట్టె వెనక టెర్మినల్ కింద మార్కరుతో కాయిళ్లెన్ని, కలిపాక ఓములెన్ని, ఏ తేదీ అని రాస్తున్నాను. దీని మీద ఏమీ లేదు. నేను కూడా ఇంకా కొలవలేదు. మొదటి వరుసలో నీలం చొక్కా వేసుకున్న బాబూ, ఈ మీటరు పట్టుకుని ఇలా రా. ముందు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించు, ఎంత చూపిస్తుందో అందరికీ వినపడేలా చెప్పు.