తాతల నేతులు, మా మూతులు: జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ ఛానెల్‌లో మామూలుగా ఫోన్లూ, కార్లూ, అప్పుడప్పుడూ సినిమాలూ రివ్యూ చేస్తుంటాను. ఇవాళ ఒక జట్టుని పట్టుకున్నాను. డబ్బులు పెట్టి కొన్న ఏ వస్తువూ నన్ను ఇంత ఏడిపించలేదు. వస్తువైతే నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, దీనికి ఆ వీలు కూడా లేదు.

జట్టు పేరు జార్జ్‌టౌన్ హోయాస్. వాషింగ్టన్ డీసీలో పొటోమాక్ నది పక్కన గుట్ట మీద ఉండే జార్జ్‌టౌన్ యూనివర్సిటీ మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూస్తున్నవాళ్లు 'కాలేజీ టీమ్ ఓడితే ఇంత బాధేంటి?' అనుకోవచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను. మన దగ్గర కాలేజీ ఆటలంటే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నాలుగు కుర్చీలు, ఒక మైకు. ఇక్కడ అలా కాదు. మా వాళ్లు ఆడే అరీనాలో 20 వేల సీట్లుంటాయి. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే విజార్డ్స్ జట్టుది కూడా అదే అరీనా. మార్చి వచ్చిందంటే దేశం మొత్తం నుంచి 68 కాలేజీ జట్లకు నాకౌట్ టోర్నమెంట్. ఒక్క మ్యాచ్ ఓడితే పెట్టె సర్దుకోవడమే. దాన్నే మార్చ్ మ్యాడ్‌నెస్ అంటారు. ఆఫీసులో పనికి సెలవు పెట్టకుండానే సెలవు పెట్టినట్టుంటుంది ఆ మూడు వారాలూ.

నేను 2012లో ఉద్యోగం కోసం వర్జీనియా వచ్చాను. రూమ్మేట్ గుంటూరు కుర్రాడు, జార్జ్‌టౌన్‌లో మాస్టర్స్ చేశాడు. 'రా అన్నా, ఒక్క మ్యాచ్ చూడు' అని లాక్కెళ్లాడు. ఆ సీజన్లో ఓటో పోర్టర్ అని ఒక కుర్రాడు ఆడుతుంటే, ఆట రూల్సే సరిగ్గా తెలియని నాకు కూడా వీడు వేరే అని అర్థమైంది. తర్వాత ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త కుర్రాళ్లను వరసగా ఎంచుకునే చోట, 3వ స్థానంలో వెళ్లాడు. మా జట్టు మార్చిలో 2వ సీడ్. సీడ్ అంటే టోర్నీకి ముందు ఇచ్చే ర్యాంకు, అంకె చిన్నదైతే జట్టు గట్టిదన్నమాట. ఎదురుగా 15వ సీడ్, ఫ్లోరిడా గల్ఫ్ కోస్ట్ అనే ఊరూ పేరూ లేని కాలేజీ. 78-68 తేడాతో మమ్మల్ని చితక్కొట్టారు. ఆ కుర్రాళ్లు మా తల మీద నుంచి డంకులు వేసుకుంటూ పోతుంటే రూమ్మేట్ టీవీ కట్టేసి వెళ్లి అంట్లు తోముకున్నాడు. నాకేమో అప్పుడు నవ్వొచ్చింది. నాలుగేళ్లకు నేనే అంట్లు తోముకున్నాను.

ఇక అసలు కథ. మన సామెత ఉంది కదా, మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అని. జార్జ్‌టౌన్ అభిమాని బతుకు అచ్చంగా అదే. ముందు ఆ నెయ్యి గురించి చెప్పాలి. ఎందుకంటే నెయ్యి నిజంగానే తాగారు.

1972లో జాన్ థాంప్సన్ కోచ్‌గా వచ్చాడు. అంతకు ముందు సీజన్లో ఈ జట్టు గెలిచింది 3 మ్యాచ్‌లు. ఆరడుగుల పది అంగుళాల మనిషి, భుజం మీద ఎప్పుడూ తెల్ల తువ్వాలు. మన ఊళ్లో పెద్దమనిషి కండువాలాగే, అది లేకుండా ఆయన కనిపించడు. ఆఫీసులో గాలి తీసేసిన బాస్కెట్‌బాల్ ఒకటి పెట్టుకునేవాడు. బంతిలో గాలి పోయాక నీ దగ్గర ఏం మిగులుతుంది, చదువుకో అని పిల్లలకు గుర్తు చేయడానికి. 1989లో నల్లజాతి పిల్లలకు స్కాలర్‌షిప్పులు దూరం చేసే రూల్ ఒకటి వస్తోందని, బోస్టన్ కాలేజీతో మ్యాచ్ మొదలయ్యే ముందు కోర్టు వదిలి బయటికి నడిచాడు. కోచ్ అంటే అలాంటి కోచ్.

ఆయన కింద పాట్రిక్ యూయింగ్ ఆడిన నాలుగేళ్లలో జట్టు మూడుసార్లు మార్చ్ మ్యాడ్‌నెస్ ఫైనల్‌కి వెళ్లింది. 1982లో నార్త్ కరోలైనా మీద 63-62తో ఓడింది. ఆ గెలిపించిన షాట్ వేసింది ఎవరనుకున్నారు, మైకేల్ జోర్డాన్. అప్పటికి కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడు. ఆ తర్వాత ఇంకా టైముంది, బంతి మా చేతిలోనే ఉంది. మా గార్డ్ ఫ్రెడ్ బ్రౌన్ పక్కన ఉన్నది మనవాడే అనుకుని ప్రత్యర్థి జేమ్స్ వర్తీ చేతిలో బంతి పెట్టేశాడు. ఆ వీడియో ఇప్పటికీ నేను పూర్తిగా చూడలేను, కళ్లు మూసుకుంటాను. పుట్టకముందు జరిగిన మ్యాచ్‌కి కూడా బాధపడటం నేర్పిందండీ ఈ జట్టు. 1984లో హ్యూస్టన్ మీద 84-75తో కప్పు కొట్టారు. కప్పు గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్‌గా థాంప్సన్ పేరు నిలిచింది. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్, విలనోవా మీద 66-64తో ఓటమి. తర్వాత ఎన్‌బీఏలో స్టార్లయిన మౌర్నింగ్, ముటాంబో, ఐవర్సన్, అందరూ ఈ ఇంటి పిల్లలే. ముటాంబో అయితే డాక్టరవుదామని కాంగో నుంచి వచ్చినవాడు.

నెయ్యి అయిపోయింది. ఇప్పుడు మూతుల సంగతి.

థాంప్సన్ 1999లో దిగిపోయాడు. కోచ్ ఎవరు? ఆయన దగ్గర ఆడి, ఆయన పక్కనే అసిస్టెంట్‌గా పనిచేసిన క్రెయిగ్ ఎషెరిక్. 2004లో ఎవరు? థాంప్సన్ కొడుకు, జాన్ థాంప్సన్ ది థర్డ్. 2017లో ఎవరు? థాంప్సన్ మానసపుత్రుడు యూయింగ్. 1972 నుంచి 2023 దాకా 51 ఏళ్లు తాళంచెవి ఒకే ఇంటి గూట్లో ఉంది. మనకి ఇదేం కొత్త? రాజకీయాల్లో చూశాం, సినిమాల్లో చూశాం. వారసుడు రాగానే ఈలలు వేస్తాం, మూడో ప్లాప్ తర్వాత 'కథలో దమ్ము లేదు' అంటాం కానీ, ఈలలు వేసింది మనమేనని గుర్తు చేసుకోం.

కొడుకు మీద నాకు పెద్ద కోపం లేదు. 2007లో ఫైనల్ ఫోర్ దాకా, అంటే మార్చ్ మ్యాడ్‌నెస్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. చివర్లో తడబడ్డాడు, పంపించేశారు. యూయింగ్‌ని తెచ్చిన రోజు మాత్రం నాకు బాగా గుర్తు. ఆయన అంతకు ముందు ఎక్కడా హెడ్ కోచ్‌గా చేయలేదు. ఎన్‌బీఏలో 15 ఏళ్లు అసిస్టెంట్. కాలేజీ కోచ్ ఉద్యోగంలో సగం పని 17 ఏళ్ల పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్ల అమ్మానాన్నల్ని ఒప్పించడం. ఆ పని ఆయన ఎప్పుడూ చేయలేదు. ఇవన్నీ ఆ రోజే తెలుసు. తెలిసి కూడా నేను ఆయన 33వ నంబర్ జెర్సీ కొన్నాను. కాబట్టి ఈ రివ్యూలో మొదటి తిట్టు నాకే.

మొదటి రెండు సీజన్లు 15-15, 19-14 (ముందుది గెలుపులు, తర్వాతది ఓటములు). పర్లేదు. రెండో ఏడాది మాక్ మెక్‌లంగ్, జేమ్స్ అకింజో అని ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఇక మన రోజులే అనుకున్నాం. 2019 డిసెంబర్‌లో అకింజో వెళ్లిపోయాడు. 2020లో మెక్‌లంగ్ వెళ్లిపోయాడు. మెక్‌లంగ్ ఆ తర్వాత ఎన్‌బీఏ డంక్ పోటీ 2023, 2024, 2025, మూడేళ్లు వరసగా గెలిచాడు. ప్రతి ఫిబ్రవరిలో ఆ పోటీ చూడటం, మా ఇంట్లో అదొక తద్దినం.

సరే, 2021 మార్చి. ఈ వీడియోలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. సీజన్ మొదలయ్యే ముందు కోచ్‌లు ఓటేసి మమ్మల్ని మేము ఆడే బిగ్ ఈస్ట్ లీగ్‌లో ఆఖరి స్థానంలో పెట్టారు. థాంప్సన్ అంతకు ముందు ఆగస్టులో పోయాడు. లీగ్ నాకౌట్ టోర్నీ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, కోవిడ్ వల్ల గ్యాలరీ దాదాపు ఖాళీ. మేము 8వ సీడ్. మార్కెట్ (Marquette) యూనివర్సిటీ జట్టుని కొట్టారు. తర్వాత ఒకటో సీడ్ విలనోవా. ఆఖరి సెకన్లలో ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నాం. ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది కుర్రాడు డాంటే హారిస్‌కి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుపడకుండా వేసే ఒక్కో పాయింట్ షాట్లు). ఆరడుగుల కుర్రాడు, ఆ లైన్ దగ్గర ఇంకా చిన్నగా కనిపిస్తున్నాడు. మొదటిది వేశాడు. సోఫాలో కూర్చున్న నేను లేచి టీవీ వెనక్కి వెళ్లి నిలబడ్డాను. రెండోది చూడలేదు, మా ఆవిడ మొహం చూశాను. 72-71. గెలిచాం.

ఆ రోజే యూయింగ్ మీడియా ముందు చిరాకు పడ్డాడు. ఎన్‌బీఏలో ఆయన న్యూయార్క్ జట్టుకి ఆడింది ఆ గార్డెన్‌లోనే, పైకప్పు నుంచి ఆయన జెర్సీయే వేలాడుతోంది, కింద సెక్యూరిటీ వాళ్లేమో ఆయన్ని ఆపి పాస్ అడుగుతున్నారట. అప్పుడు నాకు భలే ముద్దొచ్చింది ఆ మాట. ఇప్పుడు ఆలోచిస్తే మా జబ్బంతా అందులోనే ఉందనిపిస్తుంది. పైన జెర్సీ ఉంది కాబట్టి కింద పాస్ అక్కర్లేదు.

ఫైనల్లో క్రైటన్‌ని 73-48తో ఊడ్చేశారు. తేదీ మార్చి 13. 1972లో థాంప్సన్‌ని కోచ్‌గా తీసుకున్న తేదీ కూడా అదే, సరిగ్గా 49 ఏళ్లు. అర్ధరాత్రి రూమ్మేట్‌కి ఫోన్ చేస్తే ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, ఊరికే ఊఁ ఊఁ అనుకున్నాం. వారం తిరిగేసరికి మార్చ్ మ్యాడ్‌నెస్‌లో కొలరాడో మీద 96-73తో ఓడిపోయాం. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ నాలుగు రోజులే మమ్మల్ని ముంచాయి. అవి లేకపోతే అప్పుడే లెక్కలు తీసేవాళ్లు. ఆ వేసవిలోనే ఆట ఆర్థికమంతా తలకిందులైంది. ఏప్రిల్‌లో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కొత్త రూల్ తెచ్చింది, ఆటగాడు ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. మిగతా కాలేజీలు మనుషుల్ని పెట్టుకుని, దాతల్ని కూడగట్టుకుని పరిగెత్తాయి. మా దగ్గర గోడ మీద ఫొటోలున్నాయి.

2021-22 మొదటి మ్యాచ్ డార్ట్‌మత్ మీద, సొంత ఊళ్లో, 69-60 తేడాతో ఓటమి. అప్పుడు నవ్వుకున్నాం. ఆ సీజన్ లెక్క 6-25. బిగ్ ఈస్ట్ లీగ్‌లో 0-19. సున్నా అండీ. వరసగా 21 ఓటములతో సీజన్ ముగిసింది. ఇంత జరిగాక యాజమాన్యం ఏమందంటే, కోచ్‌కి మా మద్దతు ఉంది అంది. నేను ఆ ప్రకటన రెండుసార్లు చదివాను, ఎక్కడైనా 'క్షమించండి' అని ఉందేమోనని.

మరుసటి ఏడాది 7-25. 2022 నవంబర్‌లో సిల్వర్ లైన్ మెట్రో మా ఆష్‌బర్న్ దాకా వచ్చింది. మెట్రో సెంటర్‌లో రెడ్ లైన్‌కి మారితే ఒక్క స్టేషన్, గ్యాలరీ ప్లేస్. మెట్లెక్కితే ఎదురుగా అరీనా. ఇన్నేళ్లూ ట్రాఫిక్, పార్కింగ్ అని సాకులు చెప్పేవాణ్ణి, ఆ సాకులూ పోయాయి. వెళ్లి చూస్తే పై అంతస్తులో మనుషులే లేరు. బంతి నేలకు తగిలే చప్పుడు స్పష్టంగా వినిపించేది. 'హోయా సాక్సా' అని మా నినాదం ఒకటుంది, గ్రీకూ లాటినూ కలిపిన ముక్క, 'ఎలాంటి రాళ్లు!' అని అర్థం. షాట్ తర్వాత షాట్ రింగుకి తగిలి వెనక్కి వస్తుంటే, నా వెనక కూర్చున్న పెద్దాయన ఆ నినాదాన్ని ఎవరితో అనకుండా మెల్లగా తనలో తాను అనుకున్నాడు.

కానీ ఎవరూ యూయింగ్‌ని మనసారా తిట్టలేకపోయేవాళ్లు. అదీ నరకం. పరాయివాడైతే రెండో ఏడాదే గొడవ చేసి పంపేవాళ్లం. ఇంటి దేవుడి పటానికి వేలు చూపించడం ఎలా? ఆఖరికి 2023 మార్చిలో విలనోవా మీద 80-48 ఓటమి తర్వాత తీసేశారు. ఆరేళ్ల లెక్క 75 గెలుపులు, 109 ఓటములు. నా రేటింగ్: ఆటగాడిగా ఐదుకి ఐదు, కోచ్‌గా ఒకటిన్నర. ఆ అర కూడా డాంటే హారిస్ ఫ్రీ త్రోల కోసం. ఆ హారిస్ కూడా అప్పటికే వర్జీనియా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు.

అప్పుడు వచ్చాడు ఎడ్ కూలీ, ఇదే లీగ్‌లోని ప్రావిడెన్స్ నుంచి. అది ఆయన పుట్టిన ఊరు, పన్నెండేళ్లు అక్కడే కోచ్. పుట్టింటిని వదిలి మా కొంపకు వచ్చాడని అక్కడివాళ్లు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. మాకైతే 51 ఏళ్లలో మొదటి బయటివాడు. తొలి ఏడాది 9-23. అయినా ఎందుకో తేలిగ్గా అనిపించింది. హాయిగా తిట్టుకోవచ్చు కదా! 2024-25లో 18-16. థామస్ సోర్బర్ అని ఒక ఫ్రెష్‌మన్ దొరికాడు, మోచేతులతో చోటు చేసుకుని రింగు కింద నిలబడితే కదిలేవాడు కాదు. ఫిబ్రవరిలో కాలికి దెబ్బ తగిలి సీజన్ అయిపోయింది, జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఓక్లహామా సిటీ జట్టు 15వ పిక్‌గా తీసుకుపోయింది. మంచిది దొరికితే ఒక్క ఏడాదే ఉంటుంది, ఇప్పుడంతే. మార్చ్ మ్యాడ్‌నెస్‌లో 2015లో ఒక మ్యాచ్ గెలిచాం, 2025 దాకా ఇంకొకటి లేదు. కూలీకి మూడు ఇస్తాను. ఇంకో అర చేతిలో పట్టుకుని ఉన్నాను, ఇవ్వాలా వద్దా అని.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను. షికాగోలో నాకు ఒక ఫ్రెండ్ ఉన్నాడు, డిపాల్ అభిమాని. మా లీగే, మా కంటే అధ్వానం. లీగ్‌లో మా 29 ఓటముల వరస 2023 జనవరిలో తెగింది వాళ్ల మీదే, 81-76తో. 2023-24లో మేము లీగ్‌లో గెలిచిన రెండు మ్యాచ్‌లూ వాళ్ల మీదే. ప్రతిసారీ ఫోన్ చేసి 'అన్నా, మీకు మేమే దిక్కు' అనేవాడు. 2025 జనవరిలో డిపాల్ తన పొడుగాటి ఓటముల వరసను తెంచుకుంది. ఎవరి మీదో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ఆ రాత్రి వాడి దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. ఒక ఫొటో వచ్చింది: స్టవ్ మీద గిన్నె, అందులో కరుగుతున్న నెయ్యి.