ఎపిసోడ్ 37: మళ్ళీ మళ్ళీ అంబులెన్స్‌ని పిలిచే మనుషులు

తమ్ముడు: రికార్డ్ అవుతోంది. అప్పా, మొదలుపెట్టు.

అప్ప: అందరికీ నమస్కారం. ఇక్కడ న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదిన్నర, సోంపేటలో పొద్దున్న ఏడు. పదకొండింటికి నాకు ఆసుపత్రిలో డ్యూటీ ఉంది, పదిన్నరకల్లా కారెక్కాలి. ఈ రోజు విషయం ఫోర్ట్ వర్త్.

తమ్ముడు: ఆ ఊరు ఎక్కడుందో ముందు చెప్పు.

అప్ప: ఫోర్ట్ వర్త్ టెక్సాస్‌లో ఉంది, మన డాలస్ వాళ్ళకి పక్క ఊరే. అక్కడ మెడ్‌స్టార్ అని అంబులెన్స్ సంస్థ ఉండేది. 2009లో వాళ్ళు తమ లెక్కలు తీసి చూసుకుంటే, ఒకే ఏడాదిలో 21 మందిని 800 సార్లకు పైగా ఆసుపత్రికి చేర్చారని తేలింది.

తమ్ముడు: అంటే ఒక్కొక్కరు దాదాపు పది రోజులకోసారి.

అప్ప: అవును. అప్పుడు అంబులెన్స్‌లో వచ్చి వైద్యం చేసే కొందరు పారామెడిక్‌లకు అదనంగా శిక్షణ ఇచ్చి, ఫోన్ రాకముందే వాళ్ళ ఇళ్ళకు పంపడం మొదలుపెట్టారు. సైరన్ లేదు, స్ట్రెచర్ లేదు. మందుల సంచీ విప్పించి ఏవి వేసుకుంటున్నారో చూడటం, డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇప్పించడం, ఏది అర్జెంటో ఏది తెల్లారేదాకా ఆగొచ్చో పక్కన కూర్చుని చెప్పడం. మేం కేస్ మేనేజ్‌మెంట్ అనేది దీన్నే.

తమ్ముడు: అపాయింట్‌మెంట్ సరే. అక్కడికి ఎలా వెళ్తారు? బస్సుందా?

అప్ప: నీ బస్సు మాట వచ్చేసింది, రెండో నిమిషంలోనే.

తమ్ముడు: వస్తుంది, అప్పా. నేను 108 అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే దారిలో వైద్యం చూసేవాడిగా ఉన్నన్నాళ్ళూ చూసింది అదే. మన ఉద్దానం తీసుకో. కిడ్నీలు పోయిన మనిషికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ ఉంటుంది. ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, పడుకుంటే ఊపిరాడదు, రాత్రి రెండింటికి 108కి ఫోన్. మేం షీట్‌లో ‘ఆయాసం’ అని రాస్తాం. అసలు కారణం సోమవారం బస్సు రాకపోవడం, ఆటోకి డబ్బుల్లేకపోవడం. అది రాయడానికి ఆ షీట్‌లో గడే లేదు.

అప్ప: అది నిజమే.

తమ్ముడు: నీ వైపు వీళ్ళని ఏదో అంటారు కదా, ఫ్రీక్వెంట్...

అప్ప: మాటిమాటికీ వచ్చేవాళ్ళని చిన్నచూపు చూసే ఆ మాట మన దగ్గర వద్దనుకున్నాం. నా వార్డులో కూడా ఎవరినీ అననివ్వను. ఒకసారి ఆ పేరు పడితే, నిజంగా గుండెపోటు వచ్చిన రోజు కూడా ‘మళ్ళీ ఈయనేనా’ అని ఆలస్యంగా చూస్తారు.

తమ్ముడు: సరే, అనను. కానీ ఈ పని గురించి మాట్లాడుతూ మీ రాష్ట్రంలోనే ఉన్న కామ్డెన్‌ని వదిలేస్తావా? డాక్టర్ జెఫ్రీ బ్రెన్నర్ ఊళ్ళోని ఆసుపత్రుల బిల్లులన్నీ తెచ్చి, ఏ వీధి నుంచి ఎంతమంది వస్తున్నారో మ్యాప్ మీద గుర్తులు పెట్టాడు. 1 శాతం మందికే 30 శాతం ఖర్చవుతోందని తేలింది. వాళ్ళ కోసం నర్సు, సోషల్ వర్కర్ ఇంటికి వెళ్ళారు. మొదటి 36 మంది అంతా కలిసి నెలకు 62 సార్లు ఆసుపత్రికి వచ్చేవాళ్ళు, అది 37కి దిగింది. 2013లో ఆయనకి అమెరికాలో పెద్ద గౌరవమైన మెకార్థర్ ఫెలోషిప్ కూడా ఇచ్చారు.

అప్ప: మిగతా సగం కూడా చెప్పు.

తమ్ముడు: ఆ సగం మీద నాకు నమ్మకం లేదు.

అప్ప: అయితే నేను చెప్తాను. బ్రెన్నర్ పెట్టిన సంస్థ తన పనిని తానే పరీక్షకు పెట్టింది. ఆసుపత్రిలో చేరిన 800 మందిని లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఇంటికెళ్ళే బృందం, రెండో భాగానికి మామూలు వైద్యం. 2020 జనవరిలో ఫలితం వచ్చింది. ఆరు నెలల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు బృందం వెళ్ళినవాళ్ళలో 62.3 శాతం, వెళ్ళనివాళ్ళలో 61.7 శాతం.

తమ్ముడు: కొలిచింది తప్పు. మళ్ళీ చేరారా లేదా అని చూశారు. ఆ మనిషికి తినడానికి ఉందా, పలకరించేవాళ్ళున్నారా, వాటిని లెక్కేశారా?

అప్ప: తగ్గిస్తామని మాటిచ్చింది చేరికల్నే కదా. బృందం చూసినవాళ్ళు ఆసుపత్రిలో చేరడం దాదాపు 40 శాతం తగ్గింది. పక్క భాగంలో కూడా అంతే తగ్గింది. ఆ రెండో భాగమే లేకపోతే ఇది మా గొప్పే అని పండగ చేసుకునేవాళ్ళం. వంశధార పొంగినప్పుడు గట్టు మీద ఎవరు పూజ చేసినా మూడో రోజుకి నీళ్ళు తీస్తాయి. మనిషి పరిస్థితి బాగా దిగజారిన రోజునే మనం ఎంచుకుంటున్నాం. అక్కడి నుంచి కొంత దానంతటదే తేరుకుంటుంది.

తమ్ముడు: అందరూ తేరుకోరు.

అప్ప: అందరూ అనలేదు. బృందం ఐదు రోజుల్లో ఇంటికి వెళ్ళాలి, త్వరగా డాక్టర్‌కి చూపించాలి అనుకున్నారు. మూడో వంతు మందికి కూడా ఆ రెండూ సమయానికి జరగలేదు. కొందరికి ఫోన్ లేదు, కొందరికి ఉండటానికి ఇల్లే లేదు.

తమ్ముడు: చూశావా? ఇల్లు, ఫోన్, బస్సు. వైద్యం కాదు. బ్రెన్నర్ కూడా తర్వాత ఇళ్ళు ఇప్పించే పనిలోకే వెళ్ళాడు. అంటే నేను చెప్తున్నదే...

అప్ప: అంటే ఇంటికెళ్ళి పలకరించడం ఒక్కటే చాలదని. నువ్వూ నేనూ అక్కడ ఒకే మాట అంటున్నాం.

తమ్ముడు: కాదు. నువ్వు ‘పని చేయలేదు’ అంటున్నావు. నేను ఒప్పుకోను. ఒక పెద్దాయన ఉండేవాడు. ఊరు చెప్పను. నెలకు ఐదారు సార్లు ఫోన్ చేసేవాడు, ఎప్పుడూ రాత్రి రెండు దాటాక. గుండె దడ అనేవాడు. వెళ్తే బీపీ బాగుండేది, నాడి బాగుండేది. మా పైలట్, అంటే అంబులెన్స్ నడిపే అతను, అడ్రస్ అడగకుండానే బండి తిప్పేవాడు. ఒకరోజు డ్యూటీ దిగాక నేనొక్కడినే వెళ్ళాను. టీ పెట్టాడు. వాళ్ళావిడకి ఆయాసం వచ్చింది రాత్రి రెండింటికట. తెల్లారేదాకా చూద్దాం అనుకున్నాడట. తెల్లారలేదు. అప్పటినుంచి ఆ టైమ్‌కి మెలకువ వచ్చేస్తుంది, ఆలస్యం చేయకూడదని ఫోన్ చేసేస్తాడు. నేను వాళ్ళ కూతురితో మాట్లాడాను, ఆశా కార్యకర్తకి చెప్పాను. రెండు నెలల్లో ఫోన్లు తగ్గిపోయాయి. ఇది పని చేయడం కాదా?

అప్ప: నువ్వు వెళ్ళకపోయినా తగ్గేవేమో. దుఃఖం కూడా కొంతకాలానికి...

తమ్ముడు: (కాసేపు మౌనం)

అప్ప: ఒరే. అలా అనాల్సింది కాదు.

తమ్ముడు: లేదు, నువ్వు అన్నది సరైన ప్రశ్నే. నాకు జవాబు తెలీదు. కానీ రెండో సగం నా దగ్గర లేదు కదా అప్పా. ఆయన ఒక్కడే ఉన్నాడు. లాటరీ తీసి సగం మనిషి దగ్గరికి వెళ్ళలేను.

అప్ప: నువ్వు వెళ్ళడం తప్పని నేనెప్పుడూ అనను. నేనైనా వెళ్తాను. దాన్ని పథకంగా పెట్టి వెయ్యి మందికి మాటిచ్చేటప్పుడు మాత్రం లెక్క చూసుకోవాలి. లేకపోతే మూడేళ్ళకి డబ్బులు ఆపేస్తారు, అప్పుడు ఇంటికెళ్ళే ఆ నర్సు కూడా ఉండదు. అది నేను కళ్ళారా చూశాను. ఆ నర్సు కోసం నా పేషెంట్ ఒకావిడ ఎన్నిసార్లు అడిగిందో.

తమ్ముడు: ఏం చెప్పావు?

అప్ప: ‘రాదమ్మా’ అని చెప్పాను.

తమ్ముడు: ఇప్పుడు పెద్దాయన కూతురు దగ్గరే ఉంటున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు. పగలే.

అప్ప: ఈసారి చేస్తే నేనూ అడిగానని చెప్పు.

తమ్ముడు: చెప్తాను. ఇంతకీ ఫోర్ట్ వర్త్‌లో ఆ 21 మందికి ఏమైంది?

అప్ప: అయ్యో, అది చెప్పనే లేదు. ఫోన్లు బాగా తగ్గాయని మెడ్‌స్టార్ వాళ్ళు చెప్పారు.

తమ్ముడు: పక్కన రెండో భాగం పెట్టుకున్నారా?

అప్ప: లేదు.

తమ్ముడు: మరి...

అప్ప: నాకు తెలుసు నువ్వేం అడగబోతున్నావో. పదీ ఇరవై అయింది, బ్యాడ్జి ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి. నువ్వు అన్నం తిన్నావా?

తమ్ముడు: పొద్దున్న ఏడున్నర దాటింది, అప్పా. అన్నం ఏంటి?

అప్ప: సరే, ఏదో ఒకటి తిను. ఉంటాను.