కరెంటు పోతే మేడ మీద సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది?

[దృశ్యం: మే నెల మిట్టమధ్యాహ్నం. మేడ మీద ఆరు సోలార్ ప్యానెళ్ళు. కింద హాల్లో ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోతోంది.]

పైన నిప్పులు చెరిగే ఎండ. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్. అయినా వీధిలో కరెంటు పోగానే ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయింది. మా ఇంట్లో సోలార్ పెట్టించుకున్న మొదటి వారంలోనే ఇలా జరిగింది. ఇన్వర్టర్ కాలిపోయిందేమోనని టెన్షన్ పడి, బిగించిన అబ్బాయికి ఫోన్ చేశాను. "ఏం కాలేదు సార్, కరెంటు లేకపోతే అది ఆగిపోవాలి. అందుకే ఆగింది" అన్నాడు.

ఎందుకు ఆగాలో ఈ వీడియోలో చూద్దాం.

[దృశ్యం: గోడకున్న ఇన్వర్టర్ దగ్గరికి కెమెరా. ఆకుపచ్చ లైటు.]

ప్యానెళ్ళ నుంచి వచ్చేది డీసీ కరెంటు. దాన్ని ఇన్వర్టర్ వీధి లైనులో ఉండేలాంటి, అలలా ఊగే ఏసీగా మారుస్తుంది. అయితే మార్చిన వెంటనే లైనులోకి వదిలేయదు. వీధి లైనులో వోల్టేజీ ఎంతుంది, సెకనుకు 50 సార్లు ఊగే ఆ అల ఇప్పుడు ఎక్కడుంది అని ముందు గమనిస్తుంది. పక్క మనిషితో అడుగు కలిపి నడిచినట్టు, ఆ అలతో సరిగ్గా కలిశాకే కరెంటు పంపిస్తుంది. అది ముందు మన ఫ్రిజ్‌కీ ఫ్యాన్లకీ సరిపోతుంది. మిగిలింది మీటరు దాటి పక్కింటికి పోతుంది.

[దృశ్యం: స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్. నిచ్చెన వేసుకుని పైకెక్కుతున్న లైన్‌మ్యాన్.]

ఇప్పుడు ఈ ట్రాన్స్‌ఫార్మర్ చూడండి. 11 వేల వోల్టులను మన ఇళ్ళకు పనికొచ్చేలా దించుతుంది. ఇదే ట్రాన్స్‌ఫార్మర్‌కు కింది నుంచి 230 వోల్టులు ఇస్తే, పైవైపు మళ్ళీ 11 వేలు పుడతాయి. దానికి ముందూ వెనకా ఒకటే. గాలివానకు తీగ తెగింది, లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకున్నాడు, సబ్‌స్టేషన్‌లో లైను ఆపేశారు. ఆ సమయంలో మన మేడ మీది కరెంటు వెనక్కి పారితే, చచ్చిపోయిందనుకున్న తీగలో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

వీధి మొత్తం లోడు మోయలేక చిన్న ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోవచ్చు. కానీ ఆ ఒక్క నమ్మకంతో మనిషిని స్తంభం ఎక్కించకూడదు. అందుకే వీధిలో కరెంటు పోయిన రెండు సెకన్లలోపే ఇన్వర్టర్ లైను నుంచి తప్పుకోవాలని నియమం పెట్టారు. దీన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు. జనరేటర్ తగిలించి, వీధిలో కరెంటు ఉందనుకునేలా ఇన్వర్టర్‌ను మోసం చేసే చిట్కాలు ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

కరెంటు లేనప్పుడు కూడా సోలార్‌తో ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. అది కూడా ముందు వీధి లైనును పూర్తిగా వదిలేసి, తర్వాతే ఇంటికి మాత్రం కరెంటు ఇస్తుంది. దానికి ఖర్చు ఎక్కువ. కరెంటు ఎప్పుడో ఒకసారి పోయే ఊళ్ళో ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

[దృశ్యం: నెట్ మీటర్ తెర మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్నాయి.]

ఇక చాలామంది తికమకపడేది నెట్ మీటర్ దగ్గర, అంటే లైనులోకి పంపిందీ లైను నుంచి తీసుకుందీ రెండూ లెక్కపెట్టే మీటరు దగ్గర. ఫోన్ యాప్‌లో ఈరోజు 12 యూనిట్లు వచ్చినట్టు ఉంటుంది. మీటర్‌లో ఎక్స్‌పోర్ట్, అంటే లైనులోకి పంపింది, 8 యూనిట్లే చూపిస్తుంది. నాలుగు యూనిట్లు ఎవరో కొట్టేశారని గొడవకు దిగేవాళ్ళున్నారు. ఆ నాలుగూ పగలు మనమే వాడేసుకున్నాం. అవి మీటరు దాకా రానే లేదు. రాత్రి లైను నుంచి 6 యూనిట్లు తీసుకుంటే అవి ఇంపోర్ట్. బిల్లులో చూసేది ఈ 8కీ 6కీ ఉన్న తేడానే. యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం కట్టాలి.

మేడ మీద సోలార్‌కు దరఖాస్తు పెద్ద పనేం కాదు. 2024లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ పోర్టల్‌లో మీ సర్వీస్ నంబరుతో నమోదు చేసుకుని, అక్కడ రిజిస్టరైన వెండర్‌ను ఎంచుకోవాలి. ఇళ్ళకు సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకంటే ఎక్కువైతే 78 వేలు. సబ్సిడీ కావాలంటే ప్యానెళ్ళు దేశంలో తయారైన డీసీఆర్ రకం అయ్యుండాలి. బిల్లు చేతికి తీసుకునేటప్పుడు ఆ మాట అందులో ఉందో లేదో చూసుకోండి. ఎర్తింగ్ గుంతలు తవ్వే రోజున మాత్రం ఇంట్లోనే ఉండండి. పైకి కనిపించని పని కాబట్టి తొందరగా ముగించేసేది అక్కడే.

[దృశ్యం: లైన్‌మ్యాన్ కిందికి దిగి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్తున్నాడు. హాల్లో ఫ్యాన్ తిరగడం మొదలైంది. ఇన్వర్టర్ మీద ఇంకా ఎర్ర లైటే.]

కరెంటు వచ్చింది, సోలార్ మాత్రం ఇంకా రాలేదు. కంగారు పడకండి. లైను నిలకడగా ఉందో లేదో ఇన్వర్టర్ కాసేపు చూస్తుంది, ఒక్కోసారి ఐదు నిమిషాల దాకా.

[దృశ్యం: ఆకుపచ్చ లైటు వెలిగింది.]