రేటు కాదు, కొలత మార్చారు

అందరికీ నమస్కారం. మార్కెటింగ్ గురించి ఏదైనా చెప్పమన్నారు, నేను టాటా వాళ్ల మొబైల్ నెట్‌వర్క్ టాటా డొకొమో గురించి చెప్తాను. మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు గానీ ఇంట్లో అడిగి చూడండి, ఆ యాడ్ ట్యూన్ కూనిరాగం తీసి మరీ వినిపిస్తారు.

2009లో వచ్చిందది. అప్పటికే ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్ పాతుకుపోయి ఉన్నాయి, కొత్తోడికి చోటెక్కడ? అప్పట్లో పల్స్, అంటే కాల్‌కి డబ్బులు లెక్కేసే కొలత, మామూలుగా నిమిషం. నిమిషం రూపాయి అనుకోండి, 62 సెకన్లు మాట్లాడితే రెండ్రూపాయలు కట్, "బస్సెక్కా" అని చెప్పి పెట్టేసినా రూపాయి పోయినట్టే. అందుకే కదా మనోళ్లు మిస్డ్ కాల్స్‌తోనే కాపురాలు నడిపారు! కందిపప్పు కిలో మీద పది గ్రాములు ఎక్కువైతే రెండు కిలోల డబ్బులు తీసుకునే కొట్టుంటే ఊరుకుంటామా? ఫోన్ దగ్గర మాత్రం ఊరుకున్నాం.

డొకొమో వచ్చి సెకనుకి పైసా అంది. అదే కాల్ 62 పైసలు.

ఇప్పుడు కాస్త లెక్కేయండి, సెకనుకి పైసా అంటే నిమిషానికి 60 పైసలు, అదేమంత కారుచౌక కాదు. గంటలు గంటలు మాట్లాడేవాళ్లకి వేరే సిమ్‌లో రేట్ కట్టర్ (కాల్ రేటు తగ్గించే రీఛార్జ్) వేయించుకుంటేనే కలిసొచ్చే సందర్భాలుండేవి. అయినా జనం నోట్లో నానింది పైసానే, ఎందుకంటే ఆ ఆఫర్ అర్థం కావడానికి రీఛార్జ్ షాపతను వివరించక్కర్లేదు, కింద చుక్కపెట్టి చిన్నక్షరాల్లో షరతులు చదవక్కర్లేదు. నా దృష్టిలో అసలు యాడ్ ఆ రేటే. తర్వాత ఎస్ఎంఎస్‌కి కూడా అక్షరాల లెక్క తెచ్చారు, డైట్ ఎస్ఎంఎస్ అని, అది నాకైతే కొంచెం అతి అనిపించింది.

ఇబ్బందేంటంటే కొలతకి పేటెంట్ ఉండదు. ఆ ఏడాది తిరక్కుండానే పెద్ద కంపెనీలూ సెకను బిల్లింగ్‌కి దిగాయి. 2016లో జియో వచ్చి కాల్స్‌కి డబ్బులే వద్దనేసరికి ఇక లెక్కపెట్టడానికి సెకన్లే మిగల్లేదు, 2019లో టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది.

కొలతతో ఆట మాత్రం ఆగలేదు, ఈసారి కంపెనీలకి కలిసొచ్చేలా. మీ ప్లాన్ వ్యాలిడిటీ చూడండి, ఎక్కువగా 28 రోజులే, అంటే ఏడాదికి 12 కాదు 13 రీఛార్జ్‌లు. 30 రోజుల ప్లాన్ ఒక్కటైనా పెట్టమని 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆర్డర్ వేయాల్సొచ్చింది. మీలో ఎంతమంది అది వేయించుకుంటున్నారు, చేతులెత్తండి?